పొయ్యిలోని కట్టె – శ్రావకుని వివేకము

అహింసను గూర్చి సభలలో ప్రసంగములు జరుగునప్పుడు యుద్ధము, పశుబలి, మాంసాహారము మున్నగు పెద్ద విషయములే ముందుకు వచ్చుచుండును. వీని విషయమున జైన గృహస్థునకు సందేహము లేదు. తాతముత్తాతల నాడే తీర్పు జరిగిపోయినది. సందేహము లేనిచోట వివేకమునకు పని తక్కువ. వివేకమునకు నిజముగ పని కల్పించునవి నిత్యము చేతికి తగిలెడి చిన్న విషయములు. తెల్లవారగనే పొయ్యి యెదుట కూర్చున్న ఇల్లాలు ఏ కట్టెను చేతికి తీసికొనవలెను, దేనిని ప్రక్కన పెట్టవలెను అనునది అట్టి విషయములలో నొకటి. పైకి ఇది వంటింటి సంగతి. విచారించి చూచినచో శ్రావకధర్మమంతయు ఆ కట్టె చుట్టును తిరుగుచున్నట్లు కనపడును.

నేడు బెంగళూరు నగరములోని ఇండ్లలో గ్యాసు పొయ్యిలే ఎక్కువ. అయినను కట్టె పూర్తిగ పోలేదు. పాత ఇండ్లలో స్నానపు నీళ్లు కాచు బాయిలరు క్రింద, పెండ్లివంటల గాడిపొయ్యిలలో, రొట్టెల బట్టీలలో, నగరము చుట్టునున్న పల్లెల వంటిండ్లలో అది ఇంకను మండుచునే యున్నది. కన్నడిగులు సౌదె యనుదురు, తెలుగువారు వంటచెరకు అనుదురు. పేరేదైనను ప్రశ్న ఒక్కటే.

జైనదర్శనము ప్రకారము పృథివి, జలము, అగ్ని, వాయువు, వనస్పతి అను నైదును జీవులకు శరీరములే. ఇవి స్థావరములు. కదలెడి జీవులు త్రసములు. ఒక్క పొయ్యి వెలిగించుటలో ఈ ఆరు కాయములకును బాధ కలుగుచున్నది. అగ్నికాయ జీవులు పుట్టి నశించును, గాలి తపించును, పొయ్యి మన్ను కాగును, కట్టెలోని తేమ ఆవిరియగును, చెట్టు అంతకుముందే కూలినది, కట్టెలో దాగిన పురుగులు మాడిపోవును. ఆచారాంగ సూత్రము మొదటి అధ్యయనములోనే ఈ సంగతి యున్నది. మట్టిని, గడ్డిని, ఆకులను, కట్టెను, పేడను, చెత్తను ఆశ్రయించుకొని బ్రతికెడి ప్రాణులు అగ్నిలో పడి నశించునని అది హెచ్చరించుచున్నది. రెండువేల సంవత్సరములకు పైబడిన ఆ గ్రంథములో కట్టె, పేడ పేర్లతో సహా కనబడుట గమనింపదగినది. మహర్షుల దృష్టి ఆకాశముననే కాదు, పొయ్యిలోను నిలిచినది.

అటులైనచో గృహస్థుడు వండుకొనుటయే మానవలెనా? ముని పొయ్యి వెలిగింపడు. గృహస్థునకు వెలిగింపక తప్పదు. అందుచేతనే ఆచార్యులు హింసను నాలుగు విధములుగ విభజించిరి. చంపవలెనను తలంపుతో చేయునది సంకల్పి. ఇంటిపనులలో జరుగునది ఆరంభి. జీవనోపాధిలో జరుగునది ఉద్యోగి. ఆత్మరక్షణలో జరుగునది విరోధి. గృహస్థుడు మొదటిదానిని పూర్తిగ విడువవలెను. తక్కిన మూటిని శక్తికొలది తగ్గించుకొనవలెను. పొయ్యిలోని కట్టె ఆరంభి హింసకు చెందినది. దానిని సున్న చేయుట సాధ్యము కాదు, తగ్గించుట సాధ్యము. ఈ రెండు మాటల మధ్యనున్న చోటులోనే శ్రావకుని జీవితమంతయు గడచుచున్నది.

కట్టెను గూర్చి జైనులకు తెలిసినంత గొప్ప కథ మరెవ్వరికిని లేదు. వారణాసిలో అశ్వసేన మహారాజు కుమారుడైన పార్శ్వకుమారుడు పంచాగ్నుల నడుమ తపస్సు చేయుచున్న కమఠుని యొద్దకు వెళ్లెను. చుట్టును జనము చేరి ఆ తపస్సును కొనియాడుచుండిరి. పార్శ్వుడు మాత్రము మండుచున్న మ్రానును చూచి, అందులో సర్పమున్నదని పలికెను. మ్రానును చీల్చి చూడగా సగము కాలిన సర్పము బయటపడెను. అంత్యకాలమున నమస్కార మంత్రము చెవిని పడి ఆ జీవము ధరణేంద్రుడై జన్మించెను. శ్వేతాంబర, దిగంబర పురాణములలో వివరములు కొంత భిన్నముగ నున్నను – ఒకచోట ఒక సర్పము, మరియొకచోట నాగదంపతులు – సారము మాత్రము ఒక్కటే. ఆలయములలో పార్శ్వనాథుని శిరస్సుపై పడగలు చూచినప్పుడెల్ల ఆ మ్రాను జ్ఞాపకము రావలెను.

ఈ కథలో కమఠుడు క్రూరుడని చెప్పుట సులభము. కాని సర్పమును చంపవలెనని అతడు తలపలేదు. అతడు తపస్వి; ఎండను, మంటను ఓర్చుకొన్నవాడు. అతని దోషము చూడకపోవుట. తన కష్టమును తాను చూచుకొన్నాడు, కట్టెలోనికి చూడలేదు. దీనినే శాస్త్రములు ప్రమాద మనినవి. ప్రమత్తుడై ప్రాణమునకు హాని చేయుటయే హింస యని తత్త్వార్థసూత్రకారుడు నిర్ణయించెను. కనుక కట్టె విషయమున శ్రావకుని మొదటి కర్తవ్యము చూచుట.

చూచిన తరువాత ఒక చిక్కు ఎదురగుచున్నది. పచ్చని చెట్టును నరికి ఆరబెట్టిన కట్టె మేలా? తానై ఎండి పడిన కొమ్మ మేలా? పడిన కొమ్మయే మేలని వెంటనే తోచును. లేశ్యలను బోధించు దృష్టాంతము అటులే చెప్పుచున్నది కదా! ఆరుగురు బాటసారులు నేరేడు చెట్టును చూచిరి. ఒకడు మొదలు నరుకుదమనెను, ఒకడు పెద్దకొమ్మ, ఒకడు చిన్నకొమ్మ, ఒకడు గుత్తి, ఒకడు పండ్లు మాత్రమే కోయుదమనెను. చివరివాడు క్రింద రాలిన పండ్లు చాలుననెను. మొదటివానిది కృష్ణలేశ్య, చివరివానిది శుక్లలేశ్య.

కాని కట్టె పండు కాదు. నేలపై పడి చాలకాలమున్న మ్రాను పురుగులకు నగరమైపోవును. బెరడు క్రింద చెదలు, చీమలు, జెర్రులు, తేళ్లు చేరును; మెత్తబడిన భాగమును పుచ్చుపురుగు తొలుచును. చీమలకు, చెదలకు మూడింద్రియములు; తేళ్లకు నాలుగు. కోసి పూర్తిగ ఎండిన కట్టెలో చెట్టుజీవము లేదు, అది అచిత్తము. కనుక రాలిన మ్రానును ఏరి తెచ్చి పొయ్యిలో పెట్టినవాడు ఒక ఏకేంద్రియమును తప్పించి వందల త్రసజీవులను కాల్చినవాడు కావచ్చును. మర్రి, రావి, మేడి మొదలైన అయిదు జాతుల పండ్లను శ్రావకుడు ముట్టకుండుటకు కారణమేమి? వానిలో పురుగులుండుటయే. చెట్టు నుండి రాలినంత మాత్రమున మేడిపండు శుద్ధము కాదు. కట్టెకును అదే న్యాయము.

అటులైన లేశ్యా దృష్టాంతము తప్పా? తప్పు కాదు. అది కోరికను కొలుచు తక్కెడ. జీవుల లెక్క కాదు. తక్కువతో తృప్తిపడు మనస్సు శుక్లమని దాని భావము. ఆ మనస్సు కలవాడు రాలిన మ్రానును కూడ చీల్చి చూచును. పురుగున్నచో దాని ఇంటిని దానికే వదలును. అల్పకాంక్షయు, పరిశీలనయు రెండును కలిసినప్పుడే దృష్టాంతము సఫలమగును.

చీల్చి చూచినను సూక్ష్మజీవులు కంటపడవు కదా, అన్నియును పాపములే యైనప్పుడు ఎంచుకొనుట వలన ప్రయోజనమేమి యని కొందరు నిరాశపడుదురు. దీనికి భగవతీ సూత్రములో సమాధానమున్నది. కాలోదాయి అనువాడు మహావీరస్వామిని ఇట్లడిగెను: ఇద్దరు మనుష్యులలో ఒకడు అగ్నిని వెలిగించును, ఒకడు ఆర్పును, ఎవనికి ఎక్కువ కర్మబంధము? ఆర్పువాడు అగ్నిజీవులను ఎక్కువగ నశింపజేయును. అయినను వెలిగించువాడు పృథివి, జల, వాయు, వనస్పతి, త్రస జీవులను ఎక్కువగ బాధించుచున్నాడు గనుక అతనికే అధిక బంధమని స్వామి సెలవిచ్చెను. ఇద్దరును దోషులేయని చెప్పి ఊరకుండలేదు, తూచి చెప్పెను. ఎక్కువ తక్కువలను తూచుట వర్తకునకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను దుకాణములో వాడి పొయ్యి దగ్గర మరచిపోవుట తగునా?

తెలుగునేలకు సంబంధించిన మరియొక మహాచార్యుని మాటయు ఇచ్చట స్మరింపదగును. అనంతపురము జిల్లా వజ్రకరూరు ప్రాంతమున నున్న కొనకొండ్లతో సంప్రదాయము ముడిపెట్టిన కుందకుందాచార్యులు ప్రవచనసారములో ఇట్లు బోధించిరి: జీవము చచ్చినను బ్రతికినను అజాగ్రత్తగ నడచువానికి హింస నిశ్చయము, జాగ్రత్తతో నడచువానికి బాహ్యముగ జరిగిన హాని మాత్రము చేత బంధము లేదు. ఇది ముని జీవితమును ఉద్దేశించి చెప్పినది. దీనిని పట్టుకొని, మనస్సు మంచిదైన చాలును, కట్టె ఏదైననేమి యనువారు తలక్రిందులుగ గ్రహించినవారు. జాగ్రత్త మనస్సులో మాత్రమే దాగియుండదు. అది చేతికి దిగవలెను. చూడకుండ కట్టె తోసినవాని మనస్సు మంచిదని చెప్పుటకు సాక్ష్యమేమి?

ఇక చేతికి దిగిన జాగ్రత్త ఎట్లుండవలెను? ముందుగ కట్టె జాతి. బెంగళూరు చుట్టుప్రక్కల వంటచెరకు కొరకే సరుగుడు తోపులు పందొమ్మిదవ శతాబ్దము నుండియు పెంచుచు వచ్చిరి. సరుగుడు దట్టముగ, నిటారుగ పెరుగును. కట్టె గట్టిది, మంట నిలుకడగ నుండును. నెల్లూరు, ప్రకాశము జిల్లాల తీరములందును ఇది రైతుల పంట. పంటగ నాటి కోసినదానికి, అడవిలో నరికినదానికి భేదమున్నది. అడవిచెట్టు కూలినప్పుడు దానిపై గూళ్లు కట్టిన పక్షులు, తొఱ్ఱలలోని ఉడుతలు, వేళ్లలోని ప్రాణులు అన్నియును నిరాశ్రయములగును. టిప్పుసుల్తాను కాలమున నందికొండలకు వచ్చినదని చెప్పెడి నీలగిరి చెట్టు కూడ కట్టెకు పేరుబడ్డదే; అయితే అది భూగర్భజలమును అధికముగ పీల్చునన్న ఆందోళనతో కర్ణాటక ప్రభుత్వము 2017లో దానిని క్రొత్తగ నాటుటను నిషేధించినది. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన సర్కారు తుమ్మ నేడు రాయలసీమ అంతట అల్లుకొన్నది. దాని కట్టె బరువైనది. నరికినకొద్ది మోడు నుండి మరల చిగురించును. కానుగ, చింత, నల్లతుమ్మలును కొమ్మలు నరికినచో మరల కొమ్మలు వేయును. చెట్టును నిలుపుకొని కొమ్మను వాడుకొనుట మొదలు నరుకుటకంటె మేలు. బాటసారుల కథలోని మూడవవాని మాట ఇచ్చట పనికివచ్చును. కర్ణాటకలో 1976 నాటి వృక్షసంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక చెట్టు కొట్టరాదు గనుక డిపోవానిని కట్టె ఎక్కడిదని అడుగుట ధర్మమే కాదు, చట్టమునకును తగినది.

రెండవది తడి. అప్పుడే కోసిన కట్టె బరువులో సుమారు సగము నీరే. గాలికి బాగుగ ఆరినదానిలో నూటికి 15 నుండి 20 పాళ్లు మిగులును. 100 కిలోల పచ్చికట్టె కొన్నవాడు 50 కిలోల నీటికి వెల యిచ్చినవాడు. ఆరినది కొన్నచో చేతికి 80 కిలోలకు పైగ అసలు కట్టె వచ్చును. అంతటితో నష్టము ఆగదు. ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు సుమారు 600 కిలోకేలరీల వేడి కావలెను. ఎండిన కట్టె కిలోకు ఇచ్చునది సుమారు 4,500. లెక్క వేసినచో 100 కిలోల పచ్చికట్టె నుండి వచ్చు వేడి సుమారు 1,95,000; అంతే తూకముగల ఆరినకట్టె నుండి 3,48,000. పొగలో పోవు వ్యర్థము దీనికి అదనము. పచ్చికట్టె చౌకయని కొనువాడు ధనములోను, ధర్మములోను నష్టపోవుచున్నాడు. ఏలయన వృథాయైన ప్రతి పుల్లయు వృథాగ పోయిన ప్రాణమే.

మూడవది నిలువచేయు విధము. వానలు మొదలైన పిదప కొన్న కట్టె తడిసి పురుగు పట్టును. చాతుర్మాస్యమునకు కావలసిన వంటచెరకును ఎండకాలములోనే తెచ్చి, బెరడు తీసి, చీల్చి, నేలకు తగులకుండ రాళ్లపైనో అట్టపైనో పేర్చి, గాలి తగులునట్లుంచుట మేలు. బెరడు లేని కట్టెలో తొలుచుపురుగు గ్రుడ్లు పెట్టుట తక్కువ. ఎండిన కట్టెకు చెద చేరుటయు తక్కువ. కట్టె క్రింద పిండివంటి పొడి రాలినచో లోపల పురుగున్నదని గుర్తు. దానిని పొయ్యికి తేరాదు. పొయ్యి వెలిగించుటకు ముందు పుంజణితో పొయ్యిని, కట్టెను మెల్లగ తుడుచుట, పొయ్యిపై చాందినీ కట్టుట మున్నగు ఆచారములను ఈ కాలపు పిల్లలు మూఢములని తలంతురు. వానికి కారణము చెప్పినచో అట్లు తలంపరు. పుంజణి యనునది పార్శ్వకుమారుని చూపును చేతికి అమర్చిన సాధనము.

పిడకలను గూర్చియు ఒక మాట. చెట్టు నరుకలేదు గనుక పిడక నిర్దోషమని కొందరి నమ్మకము. ఆచారాంగము పేడను కూడ జీవాశ్రయములలో చేర్చినదని పైన చెప్పబడినది. ఎండలో త్వరగ ఆరినది, పొడిచోట నిలువయున్నది, విరిచి చూచినది మాత్రమే వాడదగును. కొబ్బరిచిప్పలు, వేరుసెనగ పొట్టు వంటివి మరియొక పనిలో మిగిలినవి గనుక వాని కొరకు ఏ చెట్టును కూలదు.

కట్టెను గూర్చి విచారించువారు తరచుగ మరచు జీవము ఒకటి కలదు. అది పొయ్యి యెదుట కూర్చున్న పంచేంద్రియ జీవము. వంటింటి పొగ మొదలగు ఇంటిలోని వాయుకాలుష్యము వలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టినది. పురుగును రక్షింపవలెనని కట్టెను తుడిచి, పచ్చికట్టె పొగలో కోడలి కన్నులను, వంటవాని ఊపిరితిత్తులను కాల్చుట ఏ అహింస? ఈ విషయమున బెంగళూరు చేసిన సేవ స్మరణీయము. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆచార్య అమూల్య రెడ్డి ప్రభృతులు గ్రామములకు ఉపయోగపడు విజ్ఞానము కొరకు ఆస్త్ర అను కేంద్రమును నెలకొల్పిరి. అచ్చట రూపొందిన ఆస్త్ర ఒలె పొగను గొట్టము ద్వారా బయటికి పంపి, ఒకే మంటతో మూడు పాత్రలను కాచును. సాధారణపు మూడురాళ్ల పొయ్యిలో వేడిలో అధికభాగము గాలిపాలగును. మంచి పొయ్యి వాడుట చెట్లను నాటుటకు తీసిపోని ధర్మము.

వర్తక కుటుంబములకు మరియొక ప్రశ్న యున్నది. ఉపాసకదశాంగములో ఆనంద శ్రావకుని వ్రతముల సందర్భమున పదునైదు కర్మాదానములు చెప్పబడినవి. అందు మొదటిది అంగారకర్మ, అనగా బొగ్గుల వ్యాపారము. రెండవది వనకర్మ, అనగా అడవి నరికెడి వ్యాపారము. ఈ వ్యాపారములను శ్రావకులు విడిచిరి. కాని తాను అమ్మనిదానిని మరియొకని చేత నరికించి కొనుట మాటేమి? చేయుట, చేయించుట, ఆమోదించుట అను మూడును కర్మకు ద్వారములని శాస్త్రము. కొనుగోలు గొడ్డలికి పంపెడి ఆజ్ఞ వంటిది. ఎంచి కొన్నవాడు ఆ ఆజ్ఞను కొంత మృదువు చేయుచున్నాడు. ఎంచకుండ కొన్నవాడు గొడ్డలి ఇష్టమునకు వదలుచున్నాడు. మార్వాడు నుండి వచ్చిన కుటుంబములకు 1730 నాటి ఖేజడలీ సంగతి తెలిసినదే. జోధపూరు మహారాజు కోటకు సున్నపుబట్టీల కొరకు కట్టె కావలసివచ్చినది. ఖేజడీ చెట్లను కౌగిలించుకొని అమృతాదేవి మొదలు 363 మంది బిష్ణోయీలు ప్రాణములు విడిచిరి. కట్టె కావలెనన్న ఆజ్ఞ నగరములో పుట్టును. దాని వెల మరియొక ఊరిలో చెల్లింపబడును.

గ్యాసు వచ్చిన తరువాత ఈ విచారమంతయు అనవసరమని కొందరు తలంతురు. గ్యాసులో పురుగు లేదు, పొగ తక్కువ. 2016లో ఉజ్జ్వల పథకము ద్వారా అది పేద ఇండ్లకును చేరుట హర్షణీయము. 1983లో అమూల్య రెడ్డి, సుధాకర రెడ్డిగార్లు బెంగళూరు కట్టెల వాడుకను పరిశీలించి వ్రాసిన వ్యాసములో కట్టెపై ఆధారపడువారు ముఖ్యముగ పేదలేయని చూపిరి. వీలున్నచోట గ్యాసునకు మారుట సరియే. అయితే అగ్నికాయము అగ్నికాయమే. మీట త్రిప్పగనే వెలుగు మంట వలన వెలిగించుచున్నామను తలంపే పోవుచున్నది. కట్టె మోసినవానికి దాని బరువు తెలియును. గ్యాసునకు బరువు తెలియదు. వ్రతము కొరకు నీరు కాచుకొను ఇండ్లలో ఈ ఎరుక మరింత అవసరము. కాచిన నీరు వానకాలమున మూడు ప్రహరములు, చలికాలమున నాలుగు, ఎండకాలమున అయిదు ప్రహరములు పనికివచ్చునని శ్వేతాంబర సంప్రదాయము. కావలసినంతే కాచుకొన్నచో నీటిజీవులకును, అగ్నిజీవులకును దయ. బిందెలకొలది కాచి పారబోసినచో వ్రతమే హింసకు కారణమగును.

చివరకు సంఘము సంగతి. ఒక ఇంటి పొయ్యిలో నెలరోజులు మండెడి కట్టె స్వామివాత్సల్యమున ఒక్కపూటలో మండును. ఇంటివద్ద కట్టెను విరిచి చూచువారు సంఘభోజనమునాడు వంటకంట్రాక్టరు తెచ్చిన కట్టెను చూచుట లేదు. అందరి పని ఎవ్వరి పనియు కాకపోవుట లోకస్వభావము. భోజనమును ఏర్పాటుచేయు ప్రతి సంఘమును బియ్యము, పప్పు, నేయి పరీక్షించుటకు నియమించినట్లే కట్టెను పరీక్షించుటకును ఒకరిని నియమించుట ఉచితము. కట్టె ఆరినదా, పురుగులేనిదా, ఎక్కడిది, వంటవారికి పొగ పోవు దారి యున్నదా అను నాలుగు ప్రశ్నలు చాలును. వీలున్నచో గ్యాసు; కట్టె తప్పనిచో ఎంచిన కట్టె; ఏదైనను వడ్డన వృథాకాకుండ వండుట. ఆకులో మిగిలిన అన్నము కూడ కాలిన కట్టెయే.

మ్రాను మండుచుండగా దానిలోనికి చూచినవాడు పార్శ్వకుమారుడు. శ్రావకునకు అంతటి జ్ఞానము లేదు. కాని అతనికి కన్నులున్నవి, చేతిలో పుంజణి యున్నది, మంట వెలిగించుటకు ముందు ఒక్క నిమిషమున్నది. ఆ నిమిషమును పొయ్యికి ఇచ్చిన ఇల్లు అహింసను నిత్యము ఆచరించుచున్న ఇల్లు. అట్టి ఇండ్లు వర్ధిల్లుగాక!